కాలిఫోర్నియాలో కౌంటీ ఆర్డినెన్స్: మీకు వర్తిస్తుందా? మార్పించాలంటే ఎప్పుడు, ఎలా కదలాలి?

పెరట్లో చిన్న వాటా ఇల్లు కట్టాలన్నా, కోళ్లు పెంచాలన్నా, ఇల్లు రోజువారీ అద్దెకు ఇవ్వాలన్నా ముందు తేల్చుకోవాల్సింది ఒకటే. ఆ స్థలం సిటీ పరిధిలో ఉందా, కౌంటీ పరిధిలో ఉందా? రాష్ట్ర రాజ్యాంగం 11వ ఆర్టికల్ 7వ సెక్షన్ సిటీలకూ, 58 కౌంటీలకూ తమ తమ హద్దుల్లో స్థానిక చట్టాలు చేసుకునే అధికారం ఇచ్చింది. ఈ స్థానిక చట్టాలనే ఇక్కడ ఆర్డినెన్సులు అంటారు. సిటీ ఉన్నచోట సిటీ ఆర్డినెన్సులే చెల్లుతాయి. కౌంటీ ఆర్డినెన్సులు సాధారణంగా ఏ సిటీలోనూ కలవని అన్‌ఇన్‌కార్పొరేటెడ్ ప్రాంతానికే వర్తిస్తాయి.

ఉత్తరాలొచ్చే చిరునామాను నమ్ముకోకండి. అందులో సిటీ పేరు ఉన్నా ఇల్లు సిటీ హద్దు బయట ఉండొచ్చు. ప్రాపర్టీ ట్యాక్స్ బిల్లు మీద ఉండే పార్సెల్ నంబరుతో (ఆ స్థలం గుర్తింపు సంఖ్య) కౌంటీ ప్లానింగ్ విభాగం మ్యాపులో వెతకండి, లేదా ఆ విభాగానికి ఫోన్ చేసి అడగండి. హద్దులు మారుతుంటాయి కూడా. భారతీయ కుటుంబాలు ఎక్కువగా ఉండే మౌంటెన్ హౌస్ అనే ఊరు శాన్ వాకీన్ కౌంటీ పాలన నుంచి 2024 జులై 1న సిటీ అయింది.

కౌంటీ ఆర్డినెన్సులు సిటీల్లో వర్తించవన్న దానికి ఒక ముఖ్యమైన మినహాయింపు ఉంది. ఇంట్లో వండి భోజనాలు అమ్మేవాళ్లకు ఇచ్చే మెహ్‌కో పర్మిట్‌ను కౌంటీ ఆర్డినెన్స్ లేదా తీర్మానం ద్వారా అనుమతిస్తే, అది ఆ కౌంటీలోని సిటీలన్నిటికీ వర్తిస్తుంది. సొంత ఆరోగ్య విభాగం ఉన్న కొద్ది సిటీల్లో తప్ప, కౌంటీ అనుమతించకపోతే పర్మిటే రాదు. అంటే చాలాచోట్ల మీ సిటీ కౌన్సిల్ చుట్టూ తిరిగి లాభం లేదు, అడగాల్సింది కౌంటీని పాలించే ఎన్నికైన బోర్డ్ ఆఫ్ సూపర్‌వైజర్స్‌నే.

పరిధి తేలాక రాష్ట్ర చట్టం చూడండి. ఆర్డినెన్స్ రాష్ట్ర చట్టానికి విరుద్ధంగా ఉన్నా, అదే విషయాన్ని మళ్లీ చెప్పినా, రాష్ట్రం పూర్తిగా తన చేతిలో ఉంచుకున్న రంగంలో వేలు పెట్టినా చెల్లదు. పెరటి వాటాల విషయంలో రాష్ట్రం చాలా గట్టి నియమాలు పెట్టింది. కౌంటర్ దగ్గర ‘మా ఆర్డినెన్స్ ఒప్పుకోదు’ అన్నంత మాత్రాన వెనక్కి రాకండి, ఏ సెక్షనో రాతపూర్వకంగా అడగండి.

ఆర్డినెన్స్‌ను ఆపాలన్నా మార్చాలన్నా అసలు కిటుకు తేదీల్లోనే ఉంది. మామూలు ఆర్డినెన్స్‌ను మొదట బోర్డ్ ఆఫ్ సూపర్‌వైజర్స్ సమావేశంలో ప్రవేశపెడతారు. ఆ తర్వాత ఐదు రోజుల్లోపు ఆమోదించకూడదు. ఆమోదించేది కూడా రెగ్యులర్ సమావేశంలోనే కావాలి. మధ్యలో అసలు విషయం మారిస్తే మళ్లీ ఐదు రోజులు ఆగాల్సిందే. అచ్చుతప్పులు దిద్దితే మాత్రం అది మార్పు కింద లెక్కకు రాదు. చాలామంది ఆఖరి ఓటు రోజున వస్తారు, అప్పటికి సూపర్‌వైజర్ల మనసు కుదిరిపోయి ఉంటుంది. అందుకే ప్రవేశపెట్టే రోజే మాట్లాడండి. రెగ్యులర్ సమావేశం ఎజెండా కనీసం 72 గంటల ముందు పెట్టాలి. బోర్డు కాగితాలు చూసే క్లర్క్ ఆఫ్ ద బోర్డ్ ఆఫీసులో ఈమెయిల్ జాబితాకు పేరు ఇస్తే చాలు, ఎజెండా మీకే వస్తుంది. ఐదుగురు ఉండే బోర్డులో మూడు ఓట్లు కావాలి కాబట్టి, మీ సూపర్‌వైజర్‌తో ఆగకుండా ఎటూ తేల్చుకోని వాళ్ల ఆఫీసులకూ రాయండి. మాట్లాడడానికి దొరికేది రెండు మూడు నిమిషాలే. ఏ క్లాజు తీసేయాలో, దాని బదులు ఏ వాక్యం పెట్టాలో రాసుకుని వెళ్లండి. మాట్లాడడానికి పౌరసత్వం అక్కర్లేదు. హెచ్1బీ మీద ఉన్నవాళ్లు, మనల్ని చూడడానికి వచ్చిన అమ్మానాన్నలు కూడా మాట్లాడొచ్చు.

అర్జెన్సీ ఆర్డినెన్స్ దారి వేరు. ప్రజల శాంతి, ఆరోగ్యం, భద్రతకు వెంటనే అవసరమని కారణాలు అందులోనే రాయాలి, ఐదింట నాలుగు వంతుల ఓటు రావాలి. అలా వస్తే ప్రవేశపెట్టిన రోజే అమల్లోకి వస్తుంది. కాబట్టి ఎజెండాలో ‘అర్జెన్సీ’ అన్న మాట కనిపిస్తే రెండో సమావేశం దాకా ఆగకండి.

మామూలు ఆర్డినెన్స్ ఆమోదం పొందిన 30 రోజులకు అమల్లోకి వస్తుంది. ఎన్నికలు, పన్ను రేట్ల వంటి కొన్నిటికి ఈ గడువు ఉండదు. ఈ 30 రోజులే రెఫరెండం గడువు, అంటే సంతకాలు సేకరించి ఆర్డినెన్స్‌ను ఆపి ఓటర్ల నిర్ణయానికి పెట్టమని కోరే గడువు. గత గవర్నర్ ఎన్నికల్లో కౌంటీలో పోలైన ఓట్లలో 10 శాతం సంతకాలు, అమలు తేదీకి ముందే అందాలి. కౌంటీలో నమోదైన ఓటర్లే సంతకం చేయాలి, గ్రీన్‌కార్డు వాళ్ల సంతకం చెల్లదు. పిటిషన్‌లోని ప్రతి భాగంలోనూ ఆర్డినెన్స్ పూర్తి పాఠం ఉండాలి. దానికి జతచేసిన పట్టికలు, మ్యాపులు వదిలేసి మొత్తం పిటిషన్ పోగొట్టుకోకండి.

ఏ స్థలాన్ని దేనికి వాడొచ్చో చెప్పే జోనింగ్ ఆర్డినెన్స్ అయితే కోర్టు దారీ ఉంది, కానీ 90 రోజుల్లో కేసు వేయడమే కాదు, కేసు నోటీసును బోర్డ్ ఆఫ్ సూపర్‌వైజర్స్‌కు అందించడమూ పూర్తవ్వాలి. పబ్లిక్ హియరింగ్‌లో గానీ, అప్పటికే పంపిన ఉత్తరంలో గానీ ఎత్తని అభ్యంతరాన్ని సాధారణంగా కోర్టు వినదు. కాబట్టి హియరింగ్‌కు ముందే అభ్యంతరాలన్నీ ఒక్క ఉత్తరంలో రాసి క్లర్క్‌కు ఇచ్చి, అందినట్టు తేదీ ముద్ర ఉన్న ప్రతి తీసుకోండి.