వైజాగ్‌లో వాటర్ కూలింగ్ పీసీకి పలచటి కూలెంటే మేలు

కార్ల కూలెంట్‌లో గ్లైకాల్ కలిపేది ముఖ్యంగా చలికి నీళ్లు గడ్డకట్టకుండా. విశాఖలో డిసెంబర్ తెల్లవారుజామున కూడా ఆ భయం లేదు. అయినా ఆటోనగర్‌లో కార్ కూలెంట్ కొని, సగానికి సగం నీళ్లు కలిపి, సీపీయూను ద్రవంతో చల్లబరిచే పీసీలో పోసేవాళ్లున్నారు. పంపు బాగానే తిరుగుతుంది, సీపీయూ వేడి మాత్రం తగ్గదు.

ఇథిలీన్ గ్లైకాల్ సగం కలిస్తే ద్రవం నీటికంటే మూడు, నాలుగు రెట్లు చిక్కబడుతుంది. 30 శాతమైతే దాదాపు రెట్టింపు. ట్యూబుల్లో దీని ప్రభావం తక్కువే. ఇబ్బందంతా వాటర్ బ్లాక్‌లో, అంటే సీపీయూ మీద బిగించే రాగి దిమ్మలో, అర మిల్లీమీటరు కూడా లేని రాగి రెక్కల సందుల్లో. అక్కడ చిక్కదనం పెరిగినకొద్దీ ప్రవాహం పడిపోతుంది. పైగా గ్లైకాల్ నీళ్లంత వేడిని మోయలేదు.

ఫ్లో మీటర్ లేకపోయినా ప్రవాహాన్ని లెక్కకట్టొచ్చు. రేడియేటర్‌కు ముందొకటి, వెనకొకటి ఉష్ణోగ్రత సెన్సర్ పెట్టండి. పీసీ ఆన్ చేయకముందే పంపు ఒక్కటే కాసేపు నడిపి, రెండు సెన్సర్ల మధ్య తేడా ఉంటే రాసుకోండి, దాన్ని తర్వాత తీసేయాలి. చౌక సెన్సర్లు అర డిగ్రీ అబద్ధం చెప్పడం మామూలే. ఇప్పుడు ఫుల్ లోడ్ ఇచ్చి, నీళ్ల వేడి నిలకడయ్యాక చూడండి. నిమిషానికి ఒక లీటరు నీళ్లు ఒక డిగ్రీకి సుమారు 70 వాట్లు మోస్తాయి. 300 వాట్ల లోడ్‌కు తేడా 2 డిగ్రీలుంటే ప్రవాహం నిమిషానికి రెండు లీటర్ల పైచిలుకు, బాగుంది. 4 డిగ్రీలు దాటితే లీటరు దగ్గరకు దిగినట్టే. గ్లైకాల్ సగం ఉన్న ద్రవానికి 70 బదులు 60 వేసుకోండి.

పోయాల్సింది డిస్టిల్డ్ వాటర్, అందులో పీసీ కూలెంట్ కాన్‌సెంట్రేట్ సీసా మీద రాసినంతే. తుప్పు, నాచు పట్టకుండా చూసేది అదే. "ఇంకొంచెం మంచిదే కదా" అని ఎక్కువ పోస్తే చిక్కదనమే మిగులుతుంది. బ్యాటరీ షాపులో కొంటే అది ఆమ్లం కాదు, డిస్టిల్డ్ వాటరేనని అడిగి తీసుకోండి. బోరు నీళ్లు అసలొద్దు, సున్నం పేరుకుంటుంది. ఏసీ నుంచి కారే నీళ్లలో ఉప్పులు తక్కువే గానీ దుమ్ము, సూక్ష్మజీవులు ఉంటాయి. పాత కూలెంట్ తీశాక లూప్‌ను, అంటే ద్రవం తిరిగే దారి మొత్తాన్ని, రెండు మూడుసార్లు డిస్టిల్డ్ వాటర్‌తో కడగాలి. రాగి బ్లాకుతో అల్యూమినియం రేడియేటర్ కలపకండి. ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉండే విషం, కాబట్టి బయటికి తీసిన ద్రవాన్ని పిల్లలకు, కుక్కలకు అందేలా వదలొద్దు.

పాలలా కనిపించే రంగు కూలెంట్లతో ఇంకో తంటా. వాటిలోని రేణువులు అడుగున దిగి రెక్కల సందులు మూసేస్తాయి. అందం కావాలంటే ట్యూబుకు రంగు వేయించుకోవడం నయం.

మెత్తటి ట్యూబు గోడల గుండా నీళ్లు మెల్లగా ఆవిరవుతాయి, మన ఎండలకు ఇంకాస్త ఎక్కువ. గ్లైకాల్ మాత్రం లోపలే ఉండి, మిగిలిన ద్రవం నెలనెలా చిక్కబడుతుంది. అందుకే రిజర్వాయర్‌లో మట్టం తగ్గితే, కారుతున్న జాడ లేదని చూసుకుని, కలిపిన కూలెంట్ కాకుండా డిస్టిల్డ్ వాటర్ ఒక్కటే పోసి నింపండి.