మార్పును నడిపించడం – 4వ పాఠం: ‘నా సీటు’ పోయినప్పుడు

కిందటి పాఠంలో ఒక పని అప్పగించాను. ‘ఇకమీదట ఎవరికీ సొంత సీటు ఉండదు, ఏ రోజు ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ కూర్చోవాలి’ అని ఆఫీసులో చెప్పాక వినబడిన మాటలన్నీ ఉన్నవి ఉన్నట్టు రాసుకోమన్నాను. రాయకపోతే ముందు ఆ పని చేసి రండి. ఈ పాఠమంతా ఆ కాగితంతోనే.

ఇప్పుడు ప్రతి మాట పక్కన ఒకే ప్రశ్న వేయండి: ‘ఈ మనిషికి పోతున్నదేమిటి?’ ‘ఎందుకు ఒప్పుకోవట్లేదు?’ అని మాత్రం వేయకండి. అలా అడిగితే జవాబు మనిషి గుణం మీదికి పోతుంది: మొండి, పాతకాలం మనిషి, ఎప్పుడూ ఇంతే. అక్కడ మనం చేయగలిగింది ఏమీ ఉండదు.

‘పొద్దున్నే సీటు వెతుక్కోవాలా?’ అన్నవారికి పోతున్నది సమయం. ‘ఫైళ్లు ఎక్కడ పెట్టుకోను?’ అన్నవారికి లాకర్ కావాలి. ‘మావాళ్లు ఏ మూల ఉన్నారో తెలియదు’ అన్నవారికి టీమ్ దూరమవుతోంది. ఇవి సులువు. ‘పదేళ్ల నుంచి ఉన్నాను సార్, నాకంటూ ఒక కుర్చీ కూడా లేదా?’ అన్న మాట దగ్గర ఆగండి. ఇక్కడ పోతున్నది మర్యాద. దీనికి లాకర్ మందు కాదు. మనలో చాలామంది దీనికీ లాకర్ తాళమే చేతిలో పెట్టి, ఆ మనిషి ఇంకా ఎందుకు ముభావంగా ఉన్నారా అని ఆశ్చర్యపోతాం.

పట్టించుకోకపోతే ఏమవుతుందో 1990లలోనే తేలింది. లాస్ ఏంజెలెస్‌లో షయట్ డే అనే ప్రకటనల సంస్థ తన ఉద్యోగుల సొంత డెస్కులన్నీ ఎత్తేసింది. పొద్దున వచ్చి ఫోను, లాప్‌టాప్ కౌంటర్‌లో తీసుకోవాలి, సాయంత్రం తిరిగి ఇచ్చేయాలి. అవి అందరికీ సరిపోలేదు. కాగితాలు పెట్టుకునే చోటు లేక కొందరు కారు డిక్కీనే బీరువా చేసుకున్నారు. 1998లో కొత్త భవనానికి మారినప్పుడు సంస్థ మళ్లీ ఎవరి చోటు వారికి ఇచ్చింది. నాకు ఆ డిక్కీయే గుర్తుండిపోయింది. వ్యతిరేకత ఎప్పుడూ మీటింగులో చేయెత్తి మాట్లాడదు. కుర్చీకి వేలాడే కోటులో, రోజంతా బ్యాగు మాత్రమే కూర్చున్న సీటులో కనిపిస్తుంది. మీ కాగితంలో ఇలాంటివి కూడా చేర్చుకోండి.

ఇక అసలు నైపుణ్యం. ఒక కాగితాన్ని రెండుగా మడిచి, ఒకవైపు ‘తేలిపోయినవి’, రెండోవైపు ‘ఇంకా తేలనివి’ అని రాయండి. తేలిపోయినదాన్ని రెండోవైపు ఎప్పుడూ పెట్టకండి. నేను ఒకసారి పెట్టాను. సీటింగ్ ప్లాన్ గోడకు అంటించి ‘మీ సలహాలు చెప్పండి’ అన్నాను. ఒకావిడ ఆ బొమ్మ మూలన ఉన్న తేదీ చూపించి, ‘ఇది మూడు వారాల కిందటే ఖాయమైంది కదా’ అంది. ఆ తర్వాత ఏడాదిపాటు నేను సలహా అడిగితే గదిలో ఎవరూ నోరు విప్పలేదు.

ఈ తేడాను 1948లోనే లెస్టర్ కోచ్, జాన్ ఫ్రెంచ్ అనే ఇద్దరు పరిశోధకులు ప్రచురించారు. వర్జీనియాలో పైజమాలు కుట్టే ఫ్యాక్టరీలో పని పద్ధతి మార్చాల్సి వచ్చింది. ఒక గుంపుకు ఊరికే చెప్పారు: 40 రోజుల్లో 17 శాతం మంది మానేశారు, ఉత్పత్తి మళ్లీ కోలుకోలేదు. మిగతా గుంపులను మాత్రం చర్చలోకి పిలిచారు. చూడ్డానికి తేడా తెలియని రెండు దుస్తులు ముందు పెట్టి, ఒకటి రెండోదానికి రెట్టింపు ధరకు అమ్ముడైందని చూపించి, ఖర్చు ఎందుకు తగ్గాలో వివరించారు. కొత్త పద్ధతి ఎలా ఉండాలన్నది వాళ్లతో కలిసి తేల్చారు. ఆ 40 రోజుల్లో ఈ గుంపుల్లో ఎవరూ మానలేదు. గుంపులు చిన్నవి, కాబట్టి అంకెలను వేదంలా పట్టుకోకండి. ‘మార్పు కావాలా వద్దా’ అని వాళ్లను ఓటు అడగలేదన్నది గమనించండి. ఎలా అన్నది మాత్రమే అడిగారు.

అడిగి పక్కన పడేయడం వల్ల నష్టం ఎంతో 2010లో క్రెయిగ్ నైట్, అలెక్స్ హాస్లమ్ అనే మనస్తత్వ పరిశోధకులు చూపించారు. తమ పని చోటును తామే సర్దుకున్నవాళ్లు, బోసి గదిలో ఉన్నవాళ్లకంటే దాదాపు మూడో వంతు మెరుగ్గా పనిచేశారు. సర్దుకున్నదాన్ని కళ్లముందే చెరిపేస్తే ఆ లాభం ఎగిరిపోయింది.

మీటింగులో ఇలా చెప్పి చూడండి: ‘ఫిక్స్‌డ్ సీట్లు ఉండవు. ఇది తేలిపోయింది, దీనిమీద అభిప్రాయం అడిగి మిమ్మల్ని మోసం చేయను. ఏ రోజు అందరం కలిసి రావాలి, బ్యాగు పెట్టి సీటు ఎంతసేపు ఆపుకోవచ్చు, ఫోను మాట్లాడకూడని మూల ఏది అన్నవి మీరే తేల్చాలి.’ నడుము నొప్పికి ప్రత్యేక కుర్చీ వాడేవాళ్లకు, రెండు పెద్ద స్క్రీన్లు లేనిదే పని జరగనివాళ్లకు స్థిరమైన సీటు ముందే ఉంచేయండి. వాళ్లు వచ్చి బతిమాలుకునే స్థితి రానివ్వకండి.

సీట్ల లెక్క దగ్గర ఒక హెచ్చరిక. వందమందిలో సగటున 55 మంది వస్తున్నారని 60 సీట్లు వేస్తే సరిపోయినట్టే ఉంటుంది. కానీ వారంలో ఒకరోజు 80 మంది వస్తే ఆ రోజు 20 మంది నిలబడాలి. లెక్క సగటుతో కాదు, ఎక్కువ రద్దీ ఉండే రోజుతో వేయాలి.

ఈ వారం అభ్యాసం: రోజుకు మూడుసార్లు ఆఫీసంతా తిరిగి, మనుషులున్న సీట్లు, బ్యాగులు మాత్రమే ఉన్న సీట్లు విడివిడిగా లెక్కపెట్టండి. తర్వాత మీ ‘ఇంకా తేలనివి’ జాబితాలోంచి ఒక్కటి టీమ్‌కు పూర్తిగా వదిలేయండి, వాళ్లు తేల్చింది మీకు నచ్చకపోయినా సరే. పదేళ్లనాటి ఆ ఉద్యోగితో మాత్రం విడిగా, నలుగురి ముందు కాకుండా కూర్చోండి. ఆ సంభాషణ ఎలా మొదలుపెట్టాలో 5వ పాఠంలో చూద్దాం.