పాత పేజ్‌మేకర్ ఫైళ్లను కాపాడుకోవడం ఎలా?

పెండ్లిళ్ల సీజన్ మొదలైందంటే నల్లగొండలోని మా డీటీపీ (కంప్యూటర్‌లో కార్డులు, పాంప్లెట్లు కూర్చే) దుకాణానికి వచ్చే గిరాకీలో సగం మంది ఇదే మాటతో వస్తారు: "అన్నా, మా అక్క పెండ్లికి కొట్టిన కార్డే. పేర్లు, తారీఖు మార్చి ఇయ్యి."

అక్క పెండ్లి కార్డు పేజ్‌మేకర్‌లో ఉంటుంది, అంటే పేజీలు కూర్చే అడోబ్ కంపెనీ పాత సాఫ్ట్‌వేర్‌లో. ఆ పేజ్‌మేకర్ ఉన్న పాత విండోస్ ఎక్స్‌పీ సిస్టమ్, చెరువుగట్టు జాతర ఫ్లెక్సీల హడావుడిలో ఓ రాత్రి కూలబడింది. హార్డ్‌డిస్క్ ఊడదీసి ఫైళ్లయితే తెచ్చుకున్నాం. కొత్త సిస్టమ్‌లో తెరిస్తే వధువు పేరున్న చోట డాలర్ గుర్తులు, చుక్కలు, ముక్కలైన ఇంగ్లిష్ అక్షరాలు. తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్‌కు డబ్బులు పెట్టి కొన్న డాంగిల్ (సిస్టమ్‌కు గుచ్చే లైసెన్సు తాళం) చేతిలోనే ఉంది. అమ్మినాయనకు ఫోన్ చేస్తే "ఆ వెర్షన్ బంద్ అయింది, కొత్తది తీసుకోండి" అన్నాడు. మీకు ఆ గతి పట్టకూడదంటే పాత సిస్టమ్ ఇంకా ఆన్ అవుతున్నప్పుడే ఈ పనులు మొదలుపెట్టండి.

1. ముందు ఉన్నదున్నట్టు కాపీ

ఫైళ్లను వేరే ఫార్మాట్‌లోకి మార్చే జోలికి ఇప్పుడే పోవద్దు. ఫైళ్లతోపాటు సీ డ్రైవ్‌లో విండోస్ లోపలి ఫాంట్స్ ఫోల్డర్ మొత్తం పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించండి. చాలామంది మరిచేది ఇదే. ఫాంట్ లేని ఫైల్ ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. పేజ్‌మేకర్‌లో బొమ్మలు ఫైల్ బయట లింకుగా ఉండొచ్చు. సేవ్ యాజ్ కొట్టినప్పుడు వచ్చే పెట్టెలో లింక్ అయిన ఫైళ్లన్నీ కాపీ చేయమనే ఎంపిక ఉంటుంది, దాన్ని నొక్కండి. లేదంటే వినాయకుడి బొమ్మ ఉండాల్సిన చోట బూడిదరంగు డబ్బా మిగులుతుంది.

2. లైసెన్సు కాగితాలు వెతకండి

సీడీ కవర్ల మీది సీరియల్ నంబర్లను ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకోండి. అడోబ్ సీఎస్6 లాంటి పాత సీఎస్ (క్రియేటివ్ సూట్) వెర్షన్లు ఉన్నవాళ్లు, వాటి యాక్టివేషన్ సర్వర్ ఇంకా నడుస్తుంటే, సిస్టమ్ మార్చేముందు హెల్ప్ మెనూలో డీయాక్టివేట్ చేయాలి. ఒక లైసెన్సు రెండు సిస్టమ్‌ల దాకానే నడుస్తుంది. పాతది యాక్టివేషన్‌తోనే కాలిపోతే లెక్కలో ఒకటి తగ్గినట్టే. యాక్టివేషన్ సర్వర్లు కూడా కలకాలం ఉండవు. సీఎస్2, సీఎస్3 సర్వర్లను అడోబ్ ఇప్పటికే మూసేసింది.

"క్రాక్ (లైసెన్సు తాళం పగలగొట్టిన దొంగ కాపీ) వేసుకుంటే అయిపోతది గదా" అనే తమ్ముళ్లకు ఒక మాట. దొంగ కాపీ అని తెలిసి వాడితే కాపీరైట్ చట్టం 63బీ సెక్షన్ కింద 7 రోజుల నుంచి 3 ఏళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా ఉన్నాయి. సక్రమంగా కొన్న ప్రోగ్రామ్‌కు, పాడైతే పనికొచ్చేలా బ్యాకప్ కాపీ తీసుకోవడానికి మాత్రం అదే చట్టం 52వ సెక్షన్ ఒప్పుకుంటుంది. కాబట్టి పాత సీడీ గీతలు పడకముందే దాని ఇమేజ్ (సీడీ మొత్తం ఒకే ఫైల్‌గా) తీసి దాచండి.

3. కొత్త విండోస్‌లో పాతదాన్ని లేపడం

సెటప్ ఫైల్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, కంపాటిబిలిటీ, ఎక్స్‌పీ సర్వీస్ ప్యాక్ 3. పేజ్‌మేకర్ 7.0 చాలాసార్లు ఇలా లేస్తుంది. అయినా లేవకుంటే సెటప్ మరీ పాతకాలపు 16 బిట్‌దేమో చూడండి. 64 బిట్ విండోస్‌లో అది ఏ మోడ్ పెట్టినా నడవదు. అప్పుడు వర్చువల్‌బాక్స్ (సిస్టమ్ లోపల ఇంకో సిస్టమ్ నడిపే సాఫ్ట్‌వేర్) పెట్టి, దాని లోపల 32 బిట్ పాత విండోస్ నడపాలి. ఆ విండోస్‌కు కూడా లైసెన్సు కావాలి. సిస్టమ్‌తోపాటు వచ్చిన ఓఈఎం లైసెన్సు ఆ డబ్బాతోనే పోతుంది. ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ 2014 ఏప్రిల్ 8నే మద్దతు ఆపింది. అందుకే లోపలి విండోస్‌కు ఇంటర్నెట్ ఇవ్వకండి.

4. ప్రతి ఫైల్‌కూ ఒక పీడీఎఫ్

ఫాంట్లు ఎంబెడ్ అయ్యేలా, అంటే ఫైల్‌లోనే కలిసిపోయేలా పీడీఎఫ్ చేయండి. రేపు ఏదీ తెరుచుకోకపోయినా అసలు కార్డు ఎలా ఉందో కంటికి కనిపిస్తుంది. కోరల్‌డ్రా (ఇంకో డిజైన్ సాఫ్ట్‌వేర్) ఫైళ్లకు రెండు కాపీలు: ఒకటి టెక్స్ట్‌గా, ఇంకొకటి కంట్రోల్ క్యూ కొట్టి కర్వ్స్ చేసినది, అంటే అక్షరాలను బొమ్మ గీతలుగా మార్చినది. ప్రెస్సుకు రెండోదే పంపండి, వాళ్ల పాత కోరల్ తెరవగలిగే వెర్షన్‌లో సేవ్ చేసి. కర్వ్స్ చేసిన పేరులో దీర్ఘం కూడా దిద్దలేమని మరిచి, ఒకే కాపీ ఉంచుకుని నేను తిప్పలు పడ్డాను.

5. పీఎండీని (పేజ్‌మేకర్ ఫైల్‌ను) బయటికి తేవడం

పేజ్‌మేకర్ తర్వాత అడోబ్ తెచ్చిన ఇన్‌డిజైన్, సీఎస్6 దాకా పేజ్‌మేకర్ 6, 7 ఫైళ్లను తెరుస్తుంది. తర్వాత వచ్చిన సీసీ వెర్షన్లు తెరవవు. అది లేనివాళ్లు ఉచితంగా దొరికే లిబ్రేఆఫీస్ డ్రా ప్రయత్నించండి. అమరిక కొంత చెదురుతుంది కానీ మాటర్ చేతికొస్తుంది. పాత ఫాంట్లు ముందే ఎక్కించి తెరవండి.

6. యూనికోడ్‌లోకి మార్చడం

యూనికోడ్ అంటే ఏ సిస్టమ్‌లోనైనా, ఫోన్‌లోనైనా తెలుగు తెలుగుగానే కనిపించే కోడ్ పద్ధతి. అసలు కష్టం ఇక్కడే. పాత ఫాంట్లలో ఇంగ్లిష్ అక్షరాల గళ్లలో తెలుగు ముక్కలు కూర్చోబెట్టారు: ఒక గడిలో తలకట్టు, ఇంకో గడిలో కొమ్ము, మరో గడిలో వత్తు. కంప్యూటర్ దృష్టిలో అదంతా ఇంగ్లిషే. యూనికోడ్‌లో తెలుగుకు సొంత గళ్లున్నాయి, వరస కూడా పలికినట్టే. 'జ్యోత్స్న' అనే పేరు కంటికి రెండు అక్షరాలే, యూనికోడ్‌లో మాత్రం తొమ్మిది కోడ్లు. పాత ఫాంట్ మాటర్‌ను యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్ ఆ ముక్కలన్నీ ఏరి తిరిగి వరస పెట్టాలి. ఒక్క వత్తు జారితే పెండ్లికూతురి పేరే మారిపోతుంది.

అందుకని మొత్తం ఫైల్ ఒకేసారి వేయకండి. ముందు లక్ష్మీ, జ్యోత్స్న, రాష్ట్రం, కర్త్రీ లాంటివి వేసి చూడండి. మాటర్‌లో ఉన్న ఇంగ్లిష్ మాటలను, ఫోన్ నంబర్లను పక్కకు తీసి పెట్టండి. కన్వర్టర్ వాటినీ తెలుగనుకుని కలగాపులగం చేస్తుంది. ఆఖరికి పీడీఎఫ్ పక్కన పెట్టుకుని, ఇద్దరు కూర్చుని, ఒకరు చదువుతుంటే ఒకరు చూసుకోవాలి. ప్రూఫు చూసే పాత పద్ధతే, దీనికి షార్ట్‌కట్ లేదు.

7. కొత్త ఇల్లు

పేజ్‌మేకర్‌కు యూనికోడ్ తెలియదు, మార్చిన మాటర్ మళ్లీ అందులో పెట్టొద్దు. ఇన్‌డిజైన్‌లో పేరాగ్రాఫ్ ప్యానెల్‌లో అడోబ్ వరల్డ్ రెడీ కంపోజర్ ఎంచుకోండి, లేకుంటే వత్తులు విడిపోయి పక్కన పడతాయి. ఉచితంగా కావాలంటే పేజీలు కూర్చే స్క్రైబస్ 1.6. ప్రెస్సుకు కావాల్సిన సీఎంవైకే (నాలుగు రంగుల) పీడీఎఫ్ ఇస్తుంది. ఫాంట్లకూ కరువు లేదు. గోల్కొండ పత్రిక నడిపిన మన పాలమూరు సురవరం ప్రతాపరెడ్డి పేరుతోనే 'సురవరం' అనే ఉచిత ఫాంట్ ఉంది. కార్డులో హెడ్డింగులకు నేను దాన్నే వాడుతున్నాను.

వేళ్లకు అలవాటైన ఆపిల్ కీబోర్డు లేఅవుట్ వదిలి యూనికోడ్ తెలుగు కొట్టే ఇన్‌స్క్రిప్ట్ లేఅవుట్‌కు రావడం మాత్రం కొంచెం పరేషానే. నాకు నెలపైనే పట్టింది. ఆ నెల సీజన్ కాకుండా చూసుకోండి.