గ్రిప్ మీద చుక్కలు కాల్చే ముందు

మార్చి దాటిందంటే విజయవాడ ఉక్కపోతకి అరచెయ్యి తడి ఆరదు. ఎయిర్ పిస్టల్ ప్రాక్టీస్ చేసేవాళ్లకి పది షాట్లు పడేసరికి ప్లాస్టిక్ గ్రిప్ (చేత్తో పట్టుకునే పిడి) సబ్బుబిళ్లలా జారుతుంది. అప్పుడు గుర్తొచ్చేదే స్టిప్లింగ్. అంటే పట్టు జారకుండా, వైర్లు అతికే సోల్డరింగ్ ఐరన్ వేడి మొనతో గ్రిప్ నిండా ముగ్గు చుక్కల్లా దగ్గరదగ్గరగా గుచ్చడం. చూడ్డానికి తేలికే. కానీ ఒకసారి కాలిన చుక్కని వెనక్కి తీసుకోలేం.

నేను చెప్పేది విడిగా ఊడొచ్చే ఎయిర్ పిస్టల్ గ్రిప్ గురించే. లైసెన్స్ ఉన్న అసలు పిస్టల్ జోలికి ఇంట్లో పోకండి. గ్లాక్ లాంటివాటిలో గ్రిప్ ఫ్రేమ్‌లోనే భాగం. ఆ ఫ్రేమ్ మీదే సీరియల్ నంబర్ ఉంటుంది, దాన్ని చెరపడం 1959 ఆయుధాల చట్టం 8వ సెక్షన్ ఒప్పుకోదు. పైగా గ్రిప్ గోడ పల్చన. వేడికి లోపలికి ఉబ్బితే, తూటాలుండే మ్యాగజైన్ ఇరుక్కుంటుంది.

లోపల పెల్లెట్ (ఎయిర్ పిస్టల్‌లో వేసే చిన్న గుండు) లేదని చూసుకోండి. సిలిండర్ ఉన్న మోడల్ అయితే విప్పి వేరే గదిలో పెట్టండి. అందులో గాలి ఒత్తిడి 200 బార్ దాకా ఉంటుంది, వేడి దగ్గర దానికి పనిలేదు. తర్వాత స్క్రూలు తీసి గ్రిప్ ఒక్కటే బల్ల మీదికి తెచ్చుకోండి.

అసలు ప్రమాదం పొగ. గ్రిప్ ఏబీఎస్ రకం ప్లాస్టిక్ అయితే కాలినప్పుడు స్టైరిన్ ఆవిరి వస్తుంది, పీవీసీ రకం అయితే హైడ్రోజన్ క్లోరైడ్. రెండూ ఒంటికి మంచివి కావు. ఎన్95 మాస్క్ దుమ్ముని ఆపుతుంది గానీ ఈ ఆవిర్లని ఆపదు. వంటింట్లో, తలుపులేసుకున్న ఏసీ గదిలో అస్సలు వద్దు. కిటికీ పక్కన కూర్చుని, టేబుల్ ఫ్యాన్‌ని బయటివైపు తిప్పి పెట్టండి. మీ వెనక నుంచి వచ్చే గాలి పొగని తీసుకుపోవాలి. సీలింగ్ ఫ్యాన్ వేస్తే పొగ గదంతా తిరుగుతుంది, ఐరన్ కూడా చల్లారుతుంది. చెమట పట్టినా సరే, కాటన్ బట్టలే వేసుకోండి. నైలాన్ ట్రాక్ ప్యాంట్ మీద మొన పడితే అది కరిగి ఒంటికే అంటుకుంటుంది. కళ్లజోడు ఎలాగూ తప్పదు.

వేసవిలో ఇంకో చిక్కు, కరెంట్. ఓ మే నెలలో పని మధ్యలో కరెంట్ పోతే, ప్లగ్ తియ్యకుండా బాల్కనీలోకి గాలికి వెళ్లి నిలబడ్డాను. ఈలోగా కరెంట్ తిరిగొచ్చింది, అరగంట తర్వాత వాసనొస్తే పరిగెత్తాను. స్టాండ్ మీంచి జారిన ఐరన్ రెక్సిన్ టేబుల్ కవర్‌లో రూపాయి బిళ్లంత కన్నం చేసింది. కరెంట్ పోగానే ముందు ప్లగ్ పీకండి.

మొదటి చుక్క గ్రిప్ మీద పెట్టొద్దు. పాత టూత్‌బ్రష్ హ్యాండిలో, విరిగిన ప్లాస్టిక్ మగ్గో తీసుకుని అరగంట చెయ్యి తిప్పుకోండి. మొన తాకి, "చుయ్" మనగానే లేవాలి. ఆగితే గుంట పడుతుంది. గ్రిప్ మీద హద్దుకి మాస్కింగ్ టేప్ వేసుకోండి. స్క్రూ రంధ్రాల అంచు, బొటనవేలి మొదలు ఆనే చోటు వదిలేయండి.

వేలు కాలితే పేస్టు, పసుపు, ఐస్ ఏవీ వద్దు. కుళాయి నీళ్ల కింద 20 నిమిషాలు ఉంచండి. బొబ్బ పెద్దదైతే డాక్టర్‌కి చూపించండి.

చివర్లో పాత బ్రష్‌తో గట్టిగా రుద్ది, నిలబడ్డ మొనల్ని సన్న గరుకు కాగితంతో కాస్త తగ్గించండి. నేను మొదటిసారి ఆ పని చెయ్యలేదు. గంట ప్రాక్టీస్ తర్వాత ఇంటికొచ్చి గుంటూరు కారం ఆవకాయ అన్నంలో చెయ్యి పెట్టాక గానీ తెలియలేదు, అరచేతిలో ఎన్ని గీతలు పడ్డాయో.