మా బాతులే దారి చూపించాయి

2025 ఫిబ్రవరిలో పశ్చిమ గోదావరిలో బర్డ్ ఫ్లూ అనగానే నాకు టెన్షన్ పట్టుకుంది. మాది కొల్లేరు పక్క ఊరు. 40 నాటుకోళ్లు, 10 బాతులు ఉన్నాయి. ఈ జబ్బును మోసుకొచ్చే వలస పక్షుల్ని ఆపలేం. అవి మా కోళ్లను ఎక్కడ కలుస్తున్నాయో చూద్దామని మూడు రోజులు పొద్దున్నే గట్టు మీద కూర్చున్నాను. అవి మా దొడ్లోకి రావడమే లేదు. మా బాతులే చెరువులో అడవి బాతుల మధ్య ఈదులాడి, సాయంత్రం వచ్చి కోళ్ల తొట్టిలో ముక్కు పెడుతున్నాయి! తొట్టి అడుగున చెరువు బురద చూసి గుండె ఝల్లుమంది. బాతుల్లో జబ్బు పైకి కనిపించకపోవచ్చు, కోళ్లైతే రోజుల్లోనే పోతాయి.

బాతులకు వేరే దడి కట్టాను. తొట్టికి బోరు నీళ్లే. దాణా వల కింద, చెరువుకి వేసుకెళ్లిన చెప్పులు దొడ్డి బయటే. కాకుల బెడద మాత్రం ఇంకా ఉంది. రేకుల సందులు మూస్తున్నాను.