బ్యారేజీ తెగిందన్న వీడియో: నేనెలా తేల్చుకున్నాను

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగు విజయవాడను ముంచేసినప్పుడు మా పిన్ని వాళ్లు సింగ్ నగర్‌లోనే ఉన్నారు. ఆ టెన్షన్‌లోనే ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో ఒక వీడియో వచ్చింది: ‘ప్రకాశం బ్యారేజీ తెగిపోయింది, అందరికీ పంపండి’.

పైన రెండు బాణాల గుర్తు ఉంది. అంటే ఇది చాలా చేతులు మారి వచ్చింది, తీసినవాళ్లు ఎవరో మనకు తెలియదు. వీడియో ఆపి ఆపి చూశాను. కొండల మధ్య ఎత్తయిన డ్యామ్, పైనుంచి జలపాతంలా దూకుతున్న నీళ్లు. మన బ్యారేజీ అంత ఎత్తుండదు. 70 గేట్లతో బారుగా ఉంటుంది, పైన రోడ్డు. పక్కన ఆగిన లారీ నంబర్ ప్లేటు కూడా మన ‘ఏపీ’ది కాదు. స్క్రీన్‌షాట్ తీసి, పైన అంటించిన తెలుగు అక్షరాలు కత్తిరించి, గూగుల్ లెన్స్‌లో వెతికాను. అదే దృశ్యం పాత తేదీలతో బయటపడింది.

అసలు జరిగింది వేరు. 11 లక్షల క్యూసెక్కులు దాటిన వరదలో పడవలు కొట్టుకొచ్చి గేట్లను ఢీకొట్టి, కౌంటర్‌వెయిట్లను (గేట్లు ఎత్తడానికి సాయపడే బరువు దిమ్మెలను) దెబ్బతీశాయి. బ్యారేజీ తెగలేదు. ఇలాంటి పుకార్లలో ఎక్కడో కాస్త నిజం కలిసి ఉంటుంది, అందుకే నమ్మబుద్ధేస్తుంది.

వాయిస్ మెసేజ్‌లతోనే కష్టం, లెన్స్‌లో వెతకలేం. వాటిలో ఊరు, తేదీ, చెప్పినవాళ్ల పేరు లేకపోతే నేను ముందుకు పంపను. కలెక్టర్ కార్యాలయం ప్రకటన చూస్తాను. గ్రూపులో మాత్రం ‘అబద్ధం’ అని ఊరుకోకుండా పాత వీడియో లింకు పెట్టాను. పంపిన బాబాయే ఆ పుకారు వీడియోను తీసేశారు.