కథల పుస్తకం చదవడం – 3వ పాఠం: పుస్తకం మూయడం

కిందటి పాఠంలో ఇచ్చిన పని గుర్తుందిగా? సగంలో ఆగిపోయిన కథాసంపుటాలన్నీ బయటికి తీసి, ఒక్కోదాంట్లో ఎక్కడ ఆగారో చూడమన్నాను. మీతో పాటు నేనూ తీశాను. ఆరు తేలాయి. అందులో నాలుగింట్లో గుర్తుగా పెట్టిన కాగితం ముక్క మూడో కథకీ ఐదో కథకీ మధ్యనే ఉంది. మీ లెక్క కూడా ఇంచుమించు ఇలాగే వచ్చి ఉంటే కంగారు పడకండి, అందులో మీ బద్ధకం పాత్ర తక్కువ.

నవల మొదలుపెట్టినప్పుడు మొదటి ముప్ఫై పేజీలు కాస్త కష్టపడతాం. ఎవరు ఎవరికి ఏమవుతారు, ఇది ఏ ఊరు, ఏ కాలం, చెబుతున్నది ఎవరు అని తడుముకుంటాం. ఒకసారి కుదురుకున్నాక మిగతా మూడొందల పేజీలూ అదే ఊపులో సాగిపోతాయి. కథల పుస్తకంలో ఆ తడుములాట ప్రతి పది పేజీలకూ ఉంటుంది. ఇప్పుడే ఒక మనిషి దగ్గరయ్యాడు, అంతలో కథ అయిపోయింది. పేజీ తిప్పితే ఇంకెవరో, ఇంకెక్కడో, మళ్ళీ మొదటికి. వరసగా నాలుగుసార్లు అలా మొదటికి వచ్చేసరికి మనసు మొరాయిస్తుంది. దానికి మనం పెట్టుకున్న పేరు “కథలు చదివితే తృప్తి ఉండదండీ” అని.

మొరాయించని మనసులూ ఉంటాయి, వాటి తిప్పలు వేరు. ఒకప్పుడు నేను పద్నాలుగు కథల పుస్తకాన్ని రెండు రాత్రుల్లో ముగించాను. గొప్పగా అనిపించింది. వారం తిరక్కుండా ఒక స్నేహితుడు అదే పుస్తకం గురించి అడిగితే రెండు కథలు చెప్పగలిగాను. అందులో ఒకటి, ఒక కథలోని మనిషికి ఇంకో కథ ముగింపు అతికించి చెప్పాను. ఆ అతుకుడు కథ బాగానే వచ్చిందని అతను అన్నాడు, కాని పుస్తకంలో అది లేదు.

మధ్యలో వదిలేయడం, గబగబా మింగేయడం, రెండింటికీ మూలం ఒకటే: కథల పుస్తకాన్ని నవల చదివినట్టు చదవడం. అందుకే ఈ పాఠంలో నేర్చుకునేది చదవడం కాదు, కథ అవగానే పుస్తకం మూయడం.

ఇది నేను కొత్తగా కనిపెట్టిన నియమమేం కాదు. కథలు మొదట పాఠకుడికి చేరింది ఆ లెక్కనే. గురజాడ ‘దిద్దుబాటు’ 1910లో వచ్చింది ‘ఆంధ్రభారతి’ పత్రికలో. (తొలి తెలుగు కథ ఏదన్న వాదులాట జోలికి నేను పోను.) ఆ తర్వాత దశాబ్దాల పాటు మన కథల్లో చాలా భాగం వారపత్రికల్లోనో మాసపత్రికల్లోనో వచ్చినవే. పాఠకుడు ఒక కథ చదివేవాడు. అదే రచయిత మరో కథ రావాలంటే నెలలు పట్టేది, ఒక్కోసారి ఏళ్ళు. ఈలోగా ఆ కథ అతని బుర్రలో నలుగుతూ ఉండేది. మీ చేతిలో ఉన్న సంపుటిలో కథల చివర చిన్న అక్షరాల్లో పత్రిక పేరూ సంవత్సరమూ వేసి ఉంటే ఒకసారి చూడండి. రచయిత పదిహేనేళ్ళలో రాసినవి మనం పదిహేను గంటల్లో చదివేస్తున్నాం. సంపుటి వచ్చి కథల మధ్య ఉన్న ఆ ఖాళీని చెరిపేసింది. దాన్ని మళ్ళీ పెట్టుకోవలసింది మనమే.

అమెరికన్ రచయిత ఎడ్గర్ ఎలెన్ పో 1842లో, అక్కడి మరో రచయిత హాథార్న్ కథల మీద సమీక్ష రాస్తూ, అరగంట నుంచి గంటా రెండు గంటల్లోపు, ఒకసారి కూర్చుని లేవకుండా చదవగలిగేదే కథ అన్నాడు. మధ్యలో లేస్తే కథ చేసే పని చెడుతుందని ఆయన వాదన. కూర్చోవడం గురించి ఆయన అంత గట్టిగా చెప్పాడు కాబట్టి, లేవడం గురించి నేను చెబుతున్నాను.

ఇప్పుడు ఒక చిన్న కసరత్తు. ఈ పాఠం కోసం నేనే అల్లిన బుల్లి కథ ఇది. ఒక్కసారే చదవండి.

“సరోజ గేటు చప్పుడు కాకుండా తీసింది. నాన్నని చూసి మూడు నెలలైంది. చెప్పకుండా వచ్చి ఆశ్చర్యపరుద్దామని. కిటికీలోంచి నవ్వులు వినిపించాయి. ఎవరితోనో పేకాడుతున్నట్టున్నాడు. అమ్మ పోయాక ఆయన అంత గట్టిగా నవ్వడం ఆమె వినలేదు. మెట్ల మీద కాసేపు నిలబడింది. తెచ్చిన సంచి గుమ్మం పక్కన పెట్టి వెనక్కి తిరిగింది. గేటు మాత్రం గట్టిగా వేసింది.”

కిందికి దిగకండి. కళ్ళు తెర మీంచి తీసి, రెండు నిమిషాలు ఎటైనా చూడండి.

సరే, ఏం మిగిలింది? చాలామందికి మొదట వచ్చే మాట “అంతేనా?” అన్నది. అది తప్పు మాట కాదు. కథ తలుపు తెరుచుకునేది అక్కడే. అంతే అయితే, గేటు ఎందుకు గట్టిగా వేసింది? తను లేకుండా నాన్న సంతోషంగా ఉన్నాడన్న ఉక్రోషమా? ఎవరో వచ్చి వెళ్ళారని ఆయనకి తెలియాలనా? ఉక్రోషమే అయితే సంచి ఎందుకు వదిలింది? తెలియాలనే అయితే లోపలికే వెళ్ళవచ్చుగా? ఇప్పుడు మొదటి వాక్యం పక్కన చివరి వాక్యం పెట్టి చూడండి. చప్పుడు కాకుండా తీసిన గేటే గట్టిగా పడింది. ఈ రెంటికీ మధ్య ఏదో మారింది, ఏం మారిందో కథ చెప్పలేదు. నాకు మొదట ఉక్రోషమే అనిపించింది. రాసి రెండు రోజులయ్యాక చూస్తే, ఆయన నవ్వు ఆపకూడదని ఆమె బయటే ఆగిపోయిందని అనిపించింది. మరి ఆ చప్పుడు? అదింకా నాకే తేలలేదు.

ఆ రెండు నిమిషాల్లో మీరు వెంటనే ఇంకో కథ మొదలుపెట్టి ఉంటే, కొత్త కథలో కొత్త మనిషి వచ్చి కూర్చునేవాడు. గేటు చప్పుడు వినపడేది కాదు.

ఇక పుస్తకాన్ని పట్టుకునే పద్ధతి గురించి నాలుగు ముక్కలు. మన సంపుటాలకి ముందుమాటలు ఎక్కువ. ఒకరు కాదు, ఇద్దరు ముగ్గురు పెద్దలు రాస్తారు, వాళ్ళలో ఒకరైనా కథలన్నీ పూసగుచ్చినట్టు చెప్పేస్తారు. వాటిని చివర చదవండి. అప్పుడవి మీతో మాట్లాడే తోటి పాఠకుల్లా ఉంటాయి, ముందే చదివితే జవాబు పత్రం ముందే చూసినట్టు. అలాగే పుస్తకం పేరు ఏ కథదైతే అదే గొప్ప కథ అనుకోనక్కర్లేదు. చాలాసార్లు ఆ పేరు అట్ట మీద బాగుంటుందంతే.

వరస తప్పవచ్చా అని ఎప్పుడూ అడిగే ప్రశ్న. అది పుస్తకాన్ని బట్టి. ఐరిష్ రచయిత జేమ్స్ జాయిస్ కథాసంపుటి ‘డబ్లినర్స్’ (1914) లో పదిహేను కథలూ బాల్యం, యవ్వనం, నడివయసు, ప్రజాజీవితం అన్న క్రమంలో కావాలని పేర్చినవి. అలాంటి పుస్తకంలో గెంతితే మీకే నష్టం. రచయిత తానే పేర్చిన సంపుటి ఏదైనా మొదటిసారి వరసలోనే చదవడం మర్యాద అని నా అభిప్రాయం. చాలామంది రచయితల కథలు కలిపిన సంకలనాలకీ, ఏళ్ళ వరసలో వేసిన సమగ్ర సంపుటాలకీ ఆ పట్టింపు లేదు. సమగ్ర సంపుటి అయితే మధ్యలోంచి మొదలుపెట్టమంటాను నేను. చెయ్యి తిరగకముందు రాసిన కథలతో మొదలుపెట్టి ఎంతోమంది మంచి రచయితలకి దూరమయ్యారు.

ఇంక అలవాటు సంగతి. రోజుకి యాభై పేజీలు అని గీత గీసుకోవడం కథలకి పనికిరాదు, ఎందుకంటే యాభయ్యో పేజీ ఏ కథ నడుమనో పడుతుంది. పేజీలు మానేసి కథలు లెక్కపెట్టండి. రోజుకి ఒకటి. ఇన్ని గంటలకని వేళ పెట్టుకునే బదులు, రోజూ ఎలాగూ చేసే ఒక పని వెనకాల దాన్ని తగిలించండి, రాత్రి పక్క వేసుకున్నాక అన్నట్టు. లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 96 మందిని పరిశీలించి 2010లో అచ్చువేసిన అధ్యయనంలో, ఇలా ఒక పనికి తగిలించిన కొత్త అలవాటు దానంతటదే జరిగే స్థాయికి రావడానికి నడిమి లెక్కన 66 రోజులు పట్టింది. మనిషి మనిషికీ తేడా మాత్రం చాలా ఉంది: 18 రోజుల నుంచి 254 దాకా. నాకు అందులో నచ్చింది ఇంకో మాట. మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన అలవాటు పడటం పెద్దగా దెబ్బతినలేదట. కాబట్టి నిన్న చదవలేదని ఇవాళ రెండు కథలు చదివి బాకీ తీర్చకండి. ఆ రెండోది మొదటిదాన్ని తినేస్తుంది.

ఫోన్ సంగతి మొదటి పాఠంలోనే మాట్లాడుకున్నాం, మళ్ళీ ఎత్తను. ఒక్కటే చెబుతాను: పుస్తకం మూసిన మరుక్షణం ఫోన్ తీస్తే మూసినట్టు కాదు.

ఈ వారం పని. సగంలో ఆగిన పుస్తకాల్లోంచి ఒకటి తీయండి. ఆగిన చోటునుంచి కాదు, ఎప్పుడో చదివేసిన మొదటి కథ మళ్ళీ చదవండి. మూయండి. ఒక చిన్న నోటుపుస్తకంలో మూడు వాక్యాలు రాయండి: కథ మొదటి వాక్యం ఉన్నదున్నట్టు, చివరి వాక్యం ఉన్నదున్నట్టు, వాటి కింద మీ ప్రశ్న ఒకటి. సారాంశం వద్దు, “బాగుంది” అసలే వద్దు. మర్నాడు రెండో కథకి వెళ్ళే ముందు ఆ ప్రశ్న ఒకసారి చూసుకోండి. జవాబు దొరికితే పక్కన రాయండి, దొరక్కపోతే అలా ఉంచండి. వారానికి ఐదు కథలైతే చాలు.

నాలుగో పాఠంలో ఆ ప్రశ్నల్నే ముందేసుకుని, నచ్చని కథని ఏం చేయాలో చూద్దాం. ఎందుకు నచ్చలేదో తేల్చుకోకుండా వదిలేసిన కథ ఒకటి మీ ఐదింటిలో తప్పకుండా ఉంటుంది. దాని పక్కన ఒక చుక్క పెట్టి ఉంచండి.